స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు: యెవరికి స్వేచ్ఛ?

1

కంప్యూటరుకూ రాజకీయాలకూ సంబంధం లేదన్న మాట మన విద్యార్థుల్లో బాగా చెలామణీలో వుంది. తుని స్టేషనులో కాకినాడ వైపో హైదరాబాదు వైపో రైలెక్కే ఇంజనీరింగు విద్యార్థిని యెవరినడిగినా దాదాపు యిదే చెబుతాడు: “కోడుకు కులం లేదు, పార్టీ లేదు. నేర్చుకున్నవాడికి ఉద్యోగం వస్తుంది, నేర్చుకోనివాడికి రాదు.” మన ఉపాధ్యాయుల్లోనూ, ప్రజాసంఘాల కార్యకర్తల్లోనూ మరో మాట వినిపిస్తుంది: “సాఫ్ట్‌వేరు మధ్యతరగతి కుర్రాళ్ల వ్యవహారం. రైతు సమస్య, కూలీ సమస్య వుండగా దాని మీద కాలక్షేపం యెందుకు?” యిక నాలాంటివాళ్లలో, అంటే లినక్సుతో కుస్తీ పడుతూ, పక్కన పడేసిన కంప్యూటర్లకు తిరిగి ప్రాణం పోస్తూ, రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములను పదిమందికీ పంచిపెట్టేవాళ్లలో, మూడో మాట ఒకటి వుంది: “మేం కోడును విడుదల చేశాం. యెవరైనా చదవొచ్చు, యెవరైనా మార్చుకోవచ్చు. మా వంతు విప్లవం అయిపోయింది.”

యీ మూడు మాటలూ ఒకదాన్నొకటి ఖండించుకుంటున్నట్టు కనిపిస్తాయి. నిజానికి మూడూ ఒకే చెట్టు కొమ్మలు. మూడూ పరికరాన్ని దాని యాజమాన్యం నుంచి విడదీసి చూస్తాయి. మొదటివాడు యాజమాన్యాన్ని చూడడు. రెండోవాడు పరికరాన్ని చూడడు. మూడోవాడు రెండిటినీ చూస్తాడు గాని, యాజమాన్యం సమస్య ఒక లైసెన్సు కాగితంతో తీరిపోయిందని నమ్ముతాడు. యీ వ్యాసం ముగ్గురితోనూ తగాదా. యెక్కువ తగాదా మూడోవాడితోనే. యెందుకంటే వాడు మనవాడు.

2

ముందు వస్తువేమిటో తెలుసుకుందాం. ప్రోగ్రాముకు రెండు రూపాలుంటాయి. మనిషి చదివి అర్థం చేసుకుని మార్చగలిగిన రూపం సోర్సు కోడు. యంత్రం నడిపించగలిగిన రూపం రెండోది. మామూలుగా కంపెనీ మనకు రెండోదే యిస్తుంది. కొన్న ఆవకాయ రుచి చూసి మన యింట్లో కారం తగ్గించి మరో జాడీ పెట్టుకోవచ్చు. యెవరూ అడ్డు చెప్పరు. కొన్న ప్రోగ్రాము విషయంలో అది కుదరదు. లోపల యేముందో చూడడానికి వీలుండదు. మార్చడానికి హక్కుండదు. పక్కింటివాడికి యిస్తే నేరం.

యిది ప్రకృతి నియమమేమీ కాదు. 1976 ఫిబ్రవరిలో, అప్పటికి 20 యేళ్ల కుర్రాడు బిల్ గేట్సు, కంప్యూటర్లతో సరదాగా ప్రయోగాలు చేసుకునే ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. మా ప్రోగ్రామును మీరు కాపీ చేసుకుంటున్నారు, యిది దొంగతనం అన్నది దాని సారాంశం. అంతవరకు ఆ ఔత్సాహికుల లోకంలో ప్రోగ్రాములు చేతులు మారడం పుస్తకాలు చేతులు మారినంత సహజం. ఆ సహజమైన అలవాటుకు దొంగతనమని పేరు పెట్టాకనే మనకు తెలిసిన సాఫ్ట్‌వేరు వ్యాపారం బలపడింది. పొలాల చుట్టూ కంచె వేసినవాళ్లు, అంతకుముందు అక్కడ పశువులు మేపుకున్నవాళ్లను దొంగలనడం చరిత్రలో కొత్త కాదు.

దానికి ప్రతిఘటన గూడా పుట్టింది. అమెరికాలో ఎం.ఐ.టి. ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ పథకాన్ని ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ యేర్పడింది. 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వచ్చింది. యీ లైసెన్సు చేసిన పని తెలివైనది. కాపీరైటు చట్టాన్ని తీసుకుని దాన్నే తలకిందులు చేసింది: యీ ప్రోగ్రామును నడుపుకో, చదువుకో, మార్చుకో, పంచుకో; కాని నువ్వు మార్చి పంచితే నీ మార్పులను గూడా యిదే షరతు మీద యివ్వాలి. తీసుకున్నవాడు కంచె వేయడానికి వీల్లేదు. 1991లో ఫిన్లండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్సు మరుసటి యేడు యీ లైసెన్సు కిందికి వచ్చింది. దేశదేశాల్లో వేలాదిమంది దానికి చేతులు కలిపారు. యిందులో లాభాపేక్ష మాత్రమే మనిషిని పనిచేయిస్తుందన్న బూర్జువా ఆర్థికవేత్తల సూత్రం బాహాటంగా ఓడిపోయింది. జీతం లేకుండా, యజమాని లేకుండా, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, మనుషులు ఉమ్మడిగా ఒక మహా నిర్మాణం చేయగలరని రుజువయింది. దాన్ని తక్కువ చేసే హక్కు యెవరికీ లేదు.

పైగా ఆ నిర్మాణం గెలిచింది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ లినక్సు మీదనే నడుస్తున్నాయి. మన జేబులోని ఆండ్రాయిడ్ ఫోను కింద వున్నదీ లినక్సే. 2001లో మైక్రోసాఫ్టు అధినేత స్టీవ్ బామర్ లినక్సును కేన్సరుతో పోల్చాడు. అదే మైక్రోసాఫ్టు 2018లో, ప్రపంచంలోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో పెద్దభాగం నిలవవున్న గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2019లో ఐబీఎం సంస్థ రెడ్‌హ్యాట్ అనే లినక్సు కంపెనీని 3,400 కోట్ల డాలర్లకు సొంతం చేసుకుంది.

యిక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. శత్రువు కేన్సరని తిట్టిన వస్తువును పదిహేడేళ్ల తర్వాత శత్రువే కోట్లు పోసి కొనుక్కున్నాడంటే, గెలిచిందెవరు?

3

మన వూళ్ల చెరువులతో పోల్చి చెబుతాను. వూరందరూ కలిసి చెరువు తవ్వారు, గట్టు వేశారు, పూడిక తీశారు. చెరువు అందరిదీ అని శిలాశాసనం గూడా చెక్కించారు. మంచిదే. ఒక ఆసామి వచ్చి గట్టు మీద పెద్ద మోటారు బిగించాడు. నీళ్లు తన పొలానికి తోడుకుంటున్నాడు, మిగిలినవి డబ్బాల్లో పట్టి వూరికే అమ్ముతున్నాడు. అడిగితే శాసనం చూపిస్తాడు: “చెరువు అందరిదీ అన్నారుగా! నేనూ అందరిలో ఒకణ్ణే.” చట్టప్రకారం వాడి మాటలో తప్పు లేదు. చెరువు అందరిదే. మోటారు మాత్రం ఒకడిది.

పెద్ద కంపెనీలు సరిగ్గా యిదే చేశాయి. జీపీఎల్ కార్యక్రమాన్ని మార్చి పంచేవాడి మీద షరతు పెట్టింది. వాళ్లు పంచడమే మానేశారు. ప్రోగ్రామును తమ సొంత యంత్రాల మీద వుంచి, దాని సేవను మాత్రం గంటల లెక్కన అద్దెకిచ్చారు. దానికి క్లౌడు అని అందమైన పేరు. మేఘం అంటే ఆకాశంలో వుండేది, యెవరి సొత్తూ కానిది అనిపిస్తుంది. నిజానికి అది మరొకడి భూమి మీద, మరొకడి కరెంటుతో నడిచే మరొకడి యంత్రం. యీ సందును మూయడానికి 2007లో ఏజీపీఎల్ అనే మరో లైసెన్సు వచ్చింది: మార్చిన ప్రోగ్రామును నెట్‌వర్కు మీద సేవగా నడిపినా సోర్సు యివ్వాల్సిందే. ఆ లైసెన్సు వున్న కోడును తమ సంస్థలోకి రానివ్వమని గూగుల్ బహిరంగంగానే నియమం పెట్టుకుంది. లైసెన్సులన్నీ ఒకటే, అదంతా వకీళ్ల గొడవ అనుకునే కుర్రాళ్లు యీ ఒక్క విషయం గమనిస్తే చాలు. యే లైసెన్సును చూసి ఆసామి జడుసుకుంటున్నాడో చూస్తే యేది మన పక్షమో తెలుస్తుంది.

“ఓపెన్ సోర్సు” అన్న మాట పుట్టుక గూడా గమనించదగ్గదే. 1998లో కొందరు “స్వేచ్ఛ” అన్న మాట వ్యాపారులను బెదరగొడుతోందని, దాని బదులు యీ మాట ప్రచారంలోకి తెచ్చారు. స్వేచ్ఛ అంటే యెవరికి, యెవరి నుంచి అన్న ప్రశ్న వస్తుంది. ఓపెన్ అంటే ఆ ప్రశ్న రాదు. తలుపు తెరిచివుందని చెబుతుంది గాని, యిల్లెవరిదో చెప్పదు.

యిక చెరువు పూడిక తీసేవాళ్ల సంగతి చూద్దాం. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. బ్యాంకులు, దుకాణాలు, ప్రభుత్వాలు, అందరి రహస్యాలనూ కాపాడే తాళం అది. దాన్ని చూసుకుంటున్నది కొద్దిమంది మనుషులు. అంతకు ముందు యేడాదికి వాళ్లకు వచ్చే విరాళాలు 2,000 డాలర్లకు అటూయిటూ. 2024 మార్చిలో ఎక్స్.జెడ్. అనే మరో చిన్న ప్రోగ్రాములోకి యెవరో పథకం ప్రకారం దొంగదారి చొప్పించారు. దాన్ని యేళ్ల తరబడి ఒంటిచేత్తో మోస్తున్న మనిషి అలసిపోయాడు. సాయం చేస్తానని వచ్చిన మారుపేరు మనిషి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, తాళంచెవి చేతికి రాగానే కన్నం వేశాడు. యెక్కడో అర సెకను ఆలస్యం కనిపించి ఒక ఇంజనీరు తీగ లాగితే డొంకంతా కదిలింది గాని, లేకపోతే యేమయ్యేదో.

యీ రెండు సంఘటనలనూ సాంకేతిక ప్రమాదాలుగా రాసిన వ్యాసాలు బోలెడున్నాయి. యివి సాంకేతిక ప్రమాదాలా? కూలి యివ్వని శ్రమ మీద వేలకోట్ల వ్యాపారం నిలబెడితే వచ్చే ఫలితాలివి. గట్టు కాపలావాడికి తిండి పెట్టరు. గట్టు తెగితే మాత్రం ఆశ్చర్యపోతారు.

2021లో మరో మెట్టు యెక్కారు. గిట్‌హబ్‌లో అందరూ పెట్టిన బహిరంగ కోడు మీద శిక్షణ యిచ్చి, తనంత తాను కోడు రాసే కోపైలట్ అనే యంత్రాన్ని విడుదల చేశారు. మరుసటి యేడు దానికి నెలవారీ రుసుము పెట్టారు. కోట్ల గంటల ఉమ్మడి శ్రమ ముడిసరుకుగా మారింది. ఆ ముడిసరుకుతో తయారైన యంత్రాన్ని చూపించే నేడు ప్రోగ్రామరును బెదిరిస్తున్నారు: నువ్వు అక్కర్లేదు, నీ పని యిది చేస్తుంది. చేనేత కార్మికుడికి తెలిసిన కథే యిది. కాకపోతే మగ్గాన్ని మింగిన మిల్లును నేతగాడు కట్టలేదు. యిక్కడ దాన్ని కట్టడానికి కావలసిన యిటుకలన్నీ మనమే ఉచితంగా మోసుకొచ్చి పోశాం.

అంచేత మూడోవాడికి నా జవాబు: కోడును విడుదల చేయడం అవసరమే. అది చాలదు. రాసేవాడు ఒంటరిగా వున్నంతకాలం విడుదలైన కోడు బలవంతుడి పంచనే చేరుతుంది.

4

యిప్పుడు ఉద్యోగం సంగతి. మన విద్యార్థికి అన్నిటికంటె దగ్గరి సమస్య యిది. దీన్ని తప్పించుకుని సిద్ధాంతం మాట్లాడితే వాడు వినడు, వినకపోవడం న్యాయం గూడా.

తుని మామిడికీ తమలపాకుకూ పేరుపడ్డ వూరు. తోట కొనే పద్ధతి యిక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. వ్యాపారి పూత మీదనే తోట మాట్లాడుకుంటాడు. బయానా యిస్తాడు. పంటకు ధర వుంటే కోసుకుపోతాడు, ధర పడిపోతే యేదో వంక చెప్పి ముఖం చాటేస్తాడు. కేంపస్ సెలక్షను అచ్చం యిలాంటిదే. చదువు పూర్తికాకముందే కంపెనీ వచ్చి పూత మీద బేరం చేస్తుంది. 2022లో ఆఫరు ఉత్తరాలు అందుకున్న రెండువేల మంది దాకా పట్టభద్రులను ఇన్ఫోసిస్ 2024 వరకూ పనిలోకి తీసుకోకుండా నిలిపివుంచిందని, నైట్స్ అనే ఉద్యోగుల సంఘం కేంద్ర కార్మికశాఖకు ఫిర్యాదు చేసింది. ఆ రెండేళ్లు ఆ కుర్రాళ్ల యిళ్లలో అప్పులకు వడ్డీ ఆగలేదు.

1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ తెరిచిన నాటి నుంచి మన జిల్లాల్లో ప్రతి యింటికీ ఒకే స్వప్నం అమ్ముతూ వచ్చారు. సూరంపాలెంలోనో కాకినాడలోనో ఇంజనీరింగు, తర్వాత అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు, ఆ తర్వాత కొలువు, అదృష్టం బాగుంటే అమెరికా. చాలామందికి ఆ స్వప్నం నిజమైంది. కాదనలేం. తండ్రి అప్పు తీర్చిన కొడుకులున్నారు, చెల్లెలి పెళ్లి చేసిన అక్కలున్నారు. వాళ్లను యెగతాళి చేసే విప్లవకారుడికి జీవితం తెలియదు.

కాని యీ స్వప్నం షరతులు మనం రాసినవి కావు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం విశాఖలో టీసీఎస్‌కు 21.16 యెకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించింది. వస్తాయని చెప్పిన ఉద్యోగాలు 12,000. ఆ జూలైలోనే అదే కంపెనీ ప్రపంచవ్యాప్తంగా తన సిబ్బందిలో నూటికి రెండువంతుల మందిని, అంటే సుమారు 12,000 మందిని, తొలగిస్తామని ప్రకటించింది. ఆ రెంటి మధ్యలో, జూన్‌లో, రాష్ట్ర మంత్రివర్గం కర్మాగారాల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచే సవరణకు ఆమోదం తెలిపింది. సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించాడు. యీ నాలుగు నిర్ణయాల్లో యే ఒక్కదానికీ జావా బాగా వచ్చా రాదా అన్నదానితో సంబంధం లేదు. నాలుగూ రాజకీయ నిర్ణయాలే. కోడుకు పార్టీ లేదన్న కుర్రాడు యీ నాలుగిటి కిందా నలుగుతున్నాడు. తనకు రాజకీయాలు అక్కర్లేదనుకున్నా, వాటికి తను కావాలి.

యిక్కడ ఒక ధర్మపన్నం వినిపిస్తుంది: “కంపెనీకి అమ్ముడుపోవద్దు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు రాస్తూ బతుకు.” యెలా బతకాలి? బడిపంతులు జీతం మీద ఆధారపడ్డ తండ్రి వున్నవాడో, నాలుగెకరాల ఆస్తి వున్నవాడో అలా బతకొచ్చు. తాండవ అవతల పాయకరావుపేటలో కౌలుకు చేసే రైతు కొడుకు బతకలేడు. యీ సలహాలో త్యాగం వాసన వుంది గాని వర్గస్పృహ లేదు. శ్రమ అమ్ముకోవడం పాపమైతే కార్మికవర్గం మొత్తం పాపిష్టిదే కావాలి. పైగా లినక్సులో నేడు జరిగే పనిలో అత్యధికభాగం చేస్తున్నది కంపెనీల జీతగాళ్లే. ఉద్యోగం చేస్తావా చేయవా అన్నది ప్రశ్న కాదు. చేసే చోట నువ్వు ఒంటరివా, పదిమందిలో ఒకడివా అన్నది ప్రశ్న.

ఉచితంగా కోడు పంచడం గూడా నేడు ఉద్యోగపు సంతలో ఒక సరుకయింది. “గిట్‌హబ్ ఖాతాలో యేముందో చూపించు” అంటాడు పరీక్ష చేసేవాడు. అంటే కుర్రాడు ఉద్యోగం రాకముందే జీతం లేని పని చేసి చూపాలి. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే వుత్సవంలో నాలుగు మార్పులు పంపినవాళ్లకు టీషర్టు యిస్తామన్నారు. ప్రపంచం నలుమూలల నుంచి, యెక్కువగా మన దేశం నుంచి, విద్యార్థులు అక్షరం మార్చి, ఒక మాట చేర్చి, అర్థంలేని మార్పులను వేలాదిగా పంపారు. ప్రోగ్రాముల నిర్వాహకులు తలపట్టుకున్నారు. చివరికి నియమాలు మార్చాల్సివచ్చింది. అప్పుడు మన దేశపు విద్యార్థుల మీద కురిసిన వెటకారం అంతా యింతా కాదు. ఆ కుర్రాళ్లు చేసింది మంచిపనని నేననను. కాని ఒక చొక్కా కోసం, ఒక సర్టిఫికెట్టు కోసం అంతగా యెగబడే ఆకలిని వాళ్లలో పుట్టించిందెవరు? చదువును కొలతబద్దగా మార్చినవాళ్లు యెవరు? వెటకారం చేసినవాళ్లు ఆ ప్రశ్న వేయలేదు.

దారి లేదా? వుంది, కొత్తదీ కాదు. 2017లో కర్ణాటకలో ఐటీ ఉద్యోగులు కిటు అనే సంఘం పెట్టుకున్నారు. 2024లో అక్కడ రోజుకు 14 గంటల పనికి దారితీసే ప్రతిపాదన వచ్చినప్పుడు వీధిలోకి వచ్చి యెదిరించింది ఆ సంఘమే. మెడలో గుర్తింపుకార్డు వేసుకున్నవాడు కార్మికుడు కాడన్న భ్రమను వాళ్లు ఒక మేరకైనా బద్దలుకొట్టారు. మన రెండు రాష్ట్రాల్లోనూ దుకాణాలు, సంస్థల చట్టంలోని పనిగంటల నిబంధనల నుంచి ఐటీ కంపెనీలకు ప్రభుత్వాలు మినహాయింపులు యిస్తూ వచ్చాయి. ఆ ఉత్తర్వులు యెంతమంది ప్రోగ్రామర్లు చదివివుంటారు? వేల వరసల కోడు చదివే కళ్లు తమ మెడ మీది కత్తి లాంటి ఒక్క పేజీ ఉత్తర్వును చదవడం లేదు. అది కళ్ల దోషం కాదు. అలా చదవాలని చెప్పే సంఘం లేకపోవడం దోషం.

5

యిక రెండోవాడు, అంటే సాఫ్ట్‌వేరు మధ్యతరగతి విలాసమనే మిత్రుడు. ఆయనకు రెండు విషయాలు గుర్తుచేస్తాను.

తెలంగాణలో 2016 తర్వాత లక్షలాది రేషన్ కార్డులు రద్దయ్యాయి. కంప్యూటరు జాబితాలను జల్లెడపట్టి, అనర్హులని తేల్చి, చాలామందికి నోటీసైనా యివ్వకుండా కొట్టేశారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ యింటింటికీ వెళ్లి తనిఖీ చేయమని ఆదేశించాల్సివచ్చింది. ఆ ప్రోగ్రాము లోపలి సూత్రమేమిటి? యే లెక్కన రిక్షావాణ్ణి కారున్నవాడిగా తేల్చగలదు? బియ్యం పోగొట్టుకున్న మనిషికి అడిగే దారి లేదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును ఫోను యాప్‌లో, రోజుకు రెండు ఫోటోలతో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. సిగ్నలు లేని చోట, ఫోటో యెక్కని రోజున, చేసిన పని చేయనట్టే. చెరువు మట్టి మోసిన చేతికి, పనిచేయలేదని ఫోను చెప్పింది. యిదేనా మధ్యతరగతి విలాసం? మేస్త్రీ తప్పుడు మస్తరు రాస్తే కూలీలు ఆఫీసు ముందు బైఠాయించేవాళ్లు. మస్తరు కోడులోకి వెళ్లాక యెవరి ముందు బైఠాయించాలి? ప్రజల డబ్బుతో తయారై, ప్రజల తిండినీ కూలినీ తేల్చే ప్రోగ్రాము ప్రజలు చదవదగ్గదిగా వుండాలన్న నినాదం రైతుకూలీ నినాదమే.

రెండో విషయం మనకు ఉత్సాహం యిచ్చేది. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పేటెంటు ఆర్డినెన్సులో, సాఫ్ట్‌వేరు మీద పేటెంట్లకు తలుపు తెరిచే వాక్యం ఒకటి చొప్పించారు. అది నిలిచివుంటే రెండు గదుల్లో ప్రోగ్రాములు రాసుకునే చిన్నవాడు గూడా బహుళజాతి కంపెనీ వకీలుకు దండం పెట్టాల్సివచ్చేది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కార్యకర్తలు ఆ వాక్యాన్ని పట్టుకున్నారు. ఆనాటి ప్రభుత్వం వామపక్షాల మద్దతు మీద నిలబడివుంది. 2005 మార్చిలో పార్లమెంటు చట్టం చేసేటప్పటికి ఆ వాక్యం పోయింది. కోడు తెలిసినవాళ్లూ, రాజకీయం తెలిసినవాళ్లూ ఒక్కచోట చేరితే యేమవుతుందో ఆ ఒక్క వాక్యం చెబుతుంది. 2015లో ఫేస్‌బుక్ పేదలకు ఉచితమని చెప్పి తనకిష్టమైన నాలుగు గదుల ఇంటర్నెట్టును అంటగట్టబోయినప్పుడు గూడా అదే జరిగింది. లక్షలాది పౌరులు, విద్యార్థులు అభ్యంతరాలు పంపారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఆ పద్ధతిని నిషేధించింది. హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ, 2010లో యేర్పడ్డ అఖిల భారత స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వుద్యమ సంస్థ యీ బాటలో నడిచినవే. తెలుగులో పనిచేసే ఆపరేటింగు వ్యవస్థను తయారుచేసిన ఘనత స్వేచ్ఛది.

తెలుగు మాట వచ్చింది కాబట్టి మన పత్రికల సంగతి గూడా చెప్పాలి. వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టి, మొదట మద్రాసులో అచ్చువేయించి, తర్వాత రాజమండ్రిలో సొంత ముద్రణాలయం పెట్టుకున్నాడు. మాట తనదైతే చాలదు, అచ్చుయంత్రం గూడా చేతిలో వుండాలని ఆయనకు తెలుసు. మన అభ్యుదయ పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు దశాబ్దాలపాటు యే అక్షరాల్లో కంపోజయ్యాయి? డీటీపీ కంపెనీలు తలో రహస్య సంకేతంతో అమ్మిన ఫాంట్లలో. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. అయినా మనం కదల్లేదు. ఒక కంపెనీ ఫాంటులో కూర్చిన వ్యాసం మరో యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు. వెతికితే దొరకదు. మన సాహిత్యం మన యింట్లోనే తాళంపడి వుంది, తాళంచెవి వ్యాపారి దగ్గర వుంది. సామ్రాజ్యవాదాన్ని ఖండించే సంపాదకీయాన్ని దొంగకాపీ విండోస్ మీద కూర్చి, అదేదో ధిక్కారమనుకున్నాం. ధిక్కారం కాదది. దొంగకాపీ వాడేవాడు కంపెనీకి డబ్బు యివ్వడు గాని అలవాటు యిస్తాడు. కంపెనీకి కావలసిందీ అదే. మరో వైపు 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను, ఉచితంగా పంచిన యూనికోడ్ ఫాంట్లను నిలబెట్టింది యే పార్టీ తీర్మానమూ లేని ఔత్సాహికులు. వాళ్లకు మనం చేసిన సాయమెంత?

కేరళ మరో దారి పట్టింది. 2001లో మొదలైన బడుల కంప్యూటరు పథకం కొద్ది యేళ్లలో పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మారింది. అక్కడ ఉపాధ్యాయులే శిక్షణ పొంది, పాఠాలు తయారుచేసి, యంత్రాలు బాగుచేసుకున్నారు. అందులో ప్రభుత్వం పాత్ర యెంతో, ఉపాధ్యాయ సంఘాల పాత్ర అంత. మన బడుల్లో పిల్లవాడు నేర్చుకునేది కంప్యూటరు కాదు, ఒక కంపెనీ సరుకు యెక్కడ నొక్కితే యేమొస్తుందన్నది. సైకిలు తొక్కడం నేర్పుతున్నామని చెప్పి, ఒక దుకాణం సైకిలుకు పిల్లవాణ్ణి కట్టేస్తున్నాం.

6

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం కడతామని ప్రకటించింది. తుని నుంచి అది సుమారు నూరు కిలోమీటర్లు. వూళ్లో పండగ వాతావరణం. డేటా కేంద్రమంటే వేలాది యంత్రాలున్న గోదాము. దానికి కరెంటు విపరీతంగా కావాలి, చల్లబరచడానికి యేర్పాట్లు కావాలి, భూమి కావాలి. కట్టడం పూర్తయ్యాక మనుషులు మాత్రం కొద్దిమంది చాలు. ఆ యంత్రాల్లో నడిచేది లినక్సే. అంటే మన చెరువు నీళ్లే. పక్కనే కొత్త మోటారు గది కడుతున్నారు. దానికి మన భూమి, మన కరెంటు, మన రాయితీ. విద్యార్థి మిత్రులు ఆ గది దగ్గర కాపలాదారు ఉద్యోగం కోసం వరసలో నిలబడడానికి సిద్ధమవుతున్నారు. వరసలో నిలబడొద్దని నేను చెప్పడం లేదు. నిలబడ్డవాళ్లు పక్కవాడితో మాట్లాడుకోమంటున్నాను.

యేం మాట్లాడుకోవాలి? నాలుగు విషయాలు.

ప్రజల డబ్బుతో రాసిన ప్రోగ్రాము ప్రజలది కావాలి. 2015లో కేంద్ర ప్రభుత్వమే తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్సుకు మొదటి స్థానం యివ్వాలని విధానం ప్రకటించింది. రేషను, కూలి, పింఛను తేల్చే ప్రతి ప్రోగ్రాముకూ దాన్ని వర్తింపజేయమని మండల కార్యాలయం నుంచి శాసనసభ దాకా అడగాలి. కూలీసంఘం అర్జీలో యీ కోరిక గూడా ఒక వరస కావాలి.

బడుల్లో, కాలేజీల్లో కంప్యూటరు గదులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో నడవాలి. దీనికి ఉత్తర్వు కోసం కాచుకోనక్కర్లేదు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కొత్త విండోస్‌కు పనికిరావని పక్కన పెట్టే యంత్రాలు ప్రతి వూళ్లోనూ వుంటాయి. వాటి మీద లినక్సు హాయిగా నడుస్తుంది. ఒక ఉపాధ్యాయుడు, నలుగురు విద్యార్థులు, ఒక ఆదివారం వుంటే ఒక గది తయారవుతుంది.

సాఫ్ట్‌వేరు ఉద్యోగి తను కార్మికుణ్ణని ఒప్పుకుని సంఘంలో చేరాలి. కోడు పంచేటప్పుడు యే లైసెన్సు కింద పంచుతున్నాడో తెలుసుకుని పంచాలి. ఆసామికి యిష్టమైన లైసెన్సు సులువుగా వుంటుంది. సులువుగా వుందని సంతకం పెట్టిన కాగితాల చరిత్ర మన రైతులకు బాగా తెలుసు.

మన పత్రికలు, మన పుస్తకాలు యూనికోడ్‌లోకి రావాలి. పాత సంచికలను మార్చే పని విద్యార్థి సంఘాలు చేపట్టాలి. అది గ్రంథాలయోద్యమానికి తరవాతి అధ్యాయం.

యివేవీ విప్లవం కావు. కాని వీటిలో ప్రతి ఒక్కటీ యాజమాన్యం ప్రశ్నను ముందుకు తెస్తుంది. చెరువు అందరిదీ అని రాయించుకోవడానికి మన వాళ్లకు నలభై యేళ్లు పట్టింది. ఆ రాత వృథా కాదు. అది లేకపోతే మోటారు మీద తగాదాకు ఆధారమే వుండదు. యికనైనా గట్టు మీదికి వెళ్లాలి. వెళ్లేవాళ్లు ప్రోగ్రామర్లు మాత్రమే అయితే ఆసామి నవ్వుతాడు. కూలీలు మాత్రమే అయితే, మోటారు యెలా ఆపాలో తెలియదంటాడు. యిద్దరూ కలిసి వెళ్లిన రోజున వాడికి చెప్పడానికి యేమీ మిగలదు.